పాత బండికి పెట్రోలు సరిగా అందకపోతే: ఫిల్టరు మార్చే ముందు ఎక్కడ ఏమి చూడాలి

పాత బండి ఇంటి ముందు ఒక్క కిక్కుకే స్టార్టవుతుంది, ఐడిలింగులో, అంటే యాక్సిలరేటర్ తిప్పకుండా నిలిపి ఉంచినప్పుడు, నిలకడగా నడుస్తుంది, వీధి చివరి దాకా ఏ లోపమూ కనిపించదు. ఊరు దాటి యాక్సిలరేటర్ బాగా తిప్పాక రెండో కిలోమీటరు దగ్గరో మూడో కిలోమీటరు దగ్గరో పికప్ తగ్గి, రెండు మూడు కుదుపులు ఇచ్చి ఆగిపోతుంది. పక్కకు తీసి రెండు నిమిషాలు ఆగి కిక్ కొడితే ఏమీ జరగనట్టు మళ్ళీ స్టార్టవుతుంది. ఈ లక్షణం ఎవరికి చెప్పినా ముందుగా వచ్చే సలహా ఫిల్టరు మార్చమని.

ఆ సలహా సరైనదే కావచ్చు. అయితే ఫిల్టరు మూసుకుపోయిందంటే అందులోకి మడ్డి ఎక్కడి నుంచో వచ్చి చేరిందని అర్థం, ఆ చోటు వెతకకుండా కొత్త ఫిల్టరు వేస్తే నెల తిరక్కుండా బండి మళ్ళీ రోడ్డు మీద ఆగుతుంది. పైగా ట్యాంకు మూతలోని గాలి రంధ్రం పూడుకున్నా, ట్యాప్ లోపలి రబ్బరు ఉబ్బినా, పైపు లోపలి పొర ఊడినా, పెట్రోలును గాలితో కలిపి ఇంజన్‌కు ఇచ్చే కార్బురేటర్‌లో నీడిల్ దగ్గర నలుసు అడ్డుపడినా లక్షణం ఇంచుమించు ఇదే. అందుకే నేను పట్టుబట్టి చెప్పేది ఒక్కటే: ట్యాంకు నుంచి కార్బురేటర్ దాకా ఒక్కొక్క అతుకు దగ్గర పెట్రోలు ఎంత వస్తోందో కొలవండి, ఎక్కడ తగ్గిందో కళ్ళతో చూడండి, ఆ తర్వాతే విడిభాగాల దుకాణానికి వెళ్ళండి.

ఇక్కడ చెప్పేదంతా కార్బురేటర్ ఉన్న బళ్ళ గురించి. 1985లో వచ్చిన హీరో హోండా సీడీ 100, అదే ఏడాది మొదలై 1996 దాకా తయారైన యమహా ఆర్‌ఎక్స్ 100, 1994లో వచ్చిన స్ప్లెండర్, పాత బుల్లెట్ 350, ఇంకా ఇళ్ళల్లో మిగిలి ఉన్న రాజ్‌దూత్, యెజ్డీ బళ్ళు ఈ కోవలోకి వస్తాయి. 2020 ఏప్రిల్ 1న బీఎస్ 6 కాలుష్య నిబంధనలు అమలులోకి వచ్చాక దాదాపు అన్ని బళ్ళకూ ఫ్యూయెల్ ఇంజెక్షన్ వచ్చింది. వాటిలో పంపు పెట్రోలును ఒత్తిడితో తోస్తుంది కాబట్టి ఈ పరీక్షలు వాటికి పనికిరావు, చేయకూడదు కూడా.

పెట్రోలు నడిచే దారి

పాత బండిలో పంపు ఉండదు. ట్యాంకు పైన, కార్బురేటర్ కింద ఉన్నందున పెట్రోలు తన బరువుతోనే కిందికి దిగుతుంది. ట్యాంకు అడుగున ట్యాప్ ఉంటుంది. దాని నుంచి ట్యాంకు లోపలికి నిలబడి ఉండే సన్నని గొట్టం ద్వారా ఆన్‌లో ఉన్నప్పుడు పెట్రోలు వస్తుంది, రిజర్వ్‌లో పెడితే అడుగున ఉన్న మరో రంధ్రం ద్వారా వస్తుంది. ఈ రెండింటికీ చుట్టూ సన్నని జల్లెడ ఉంటుంది. ట్యాప్ దాటాక రబ్బరు పైపు, మధ్యలో ఫిల్టరు, ఆపైన కార్బురేటర్‌లో పెట్రోలును వదిలే, ఆపే నీడిల్, పెట్రోలు నిల్వ ఉండే ఫ్లోట్ గిన్నె, అందులో తేలుతూ నీడిల్‌ను కదిపే ఫ్లోట్, చివరికి సన్నని రంధ్రాలతో ఇంజన్‌కు పెట్రోలు వదిలే జెట్లు.

ఇంజన్‌కు నిజంగా ఎంత పెట్రోలు కావాలో ఒకసారి లెక్క వేసుకుంటే మిగతా పరీక్షలన్నీ తేలిగ్గా అర్థమవుతాయి. లీటరుకు 50 కిలోమీటర్లు ఇచ్చే 100 సీసీ బండి గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోతుంటే గంటకు 1.2 లీటర్లు, అంటే నిమిషానికి 20 మిల్లీలీటర్లు తాగుతుంది. లీటరుకు 30 ఇచ్చే బుల్లెట్ అదే వేగంలో నిమిషానికి 33 మిల్లీలీటర్లు తాగుతుంది, మనిషిని వెనక ఎక్కించుకుని ఘాట్ ఎక్కేటప్పుడు ఇంకా ఎక్కువ తాగుతుంది. ఐడిలింగులో కావలసింది ఇందులో చాలా చిన్న వంతు. నిమిషానికి 15 మిల్లీలీటర్లు మాత్రమే వదిలే మూసుకుపోయిన ఫిల్టరుతో బండి ఇంటి ముందు గంటసేపు హాయిగా నడవగలదు. రోడ్డెక్కి ఫ్లోట్ గిన్నెలోని నిల్వ ఖర్చయ్యాక ఆగిపోతుంది, రెండు నిమిషాల్లో గిన్నె మళ్ళీ నిండాక స్టార్టవుతుంది. ఆగి, కోలుకుని, మళ్ళీ ఆగడం వెనక ఉన్న కారణం ఇదే.

పని మొదలుపెట్టే ముందు

పెట్రోలు ఆవిరి మైనస్ 40 డిగ్రీల దగ్గర కూడా నిప్పు తగిలితే అంటుకునే గుణం కలది, గాలి కన్నా బరువైనది, నేల వెంబడి పాకి దూరాన ఉన్న మంటను కూడా చేరుకుంటుంది. కాబట్టి ఈ పని ఇంటి లోపల, పోర్టికోలో గ్యాస్ పొయ్యి గదికి ఆనుకుని, లేదా దేవుడి గదిలో దీపం వెలుగుతున్నప్పుడు దాని దగ్గర చేయవద్దు. ఆరుబయట, ఇంజన్ పూర్తిగా చల్లబడ్డాక, బ్యాటరీ వైరు విప్పి, పక్కన ఒక బకెట్ పొడి ఇసుక పెట్టుకుని మొదలుపెట్టండి. నీళ్ళు పోస్తే మండే పెట్రోలు నీటి మీద తేలి మరింత పరుచుకుంటుంది.

ఒక అలవాటు గురించి గట్టిగా చెప్పాలి. పైపు నోట్లో పెట్టుకుని పెట్రోలు లాగడం మన ఊళ్ళలో చాలామంది చేస్తారు. ఒక్క గుక్క ఊపిరితిత్తుల్లోకి పోయినా ప్రాణాపాయం కలిగించే న్యుమోనియా రావచ్చు. పొరపాటున మింగినవారికి వాంతి చేయించకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి.

లోపం పెట్రోలుదేనా, కరెంటుదా?

బండి తడబడటం మొదలైన క్షణంలోనే చోక్ సగం వేయండి. పెట్రోలు తక్కువై తడబడుతున్న ఇంజన్ చోక్ వేయగానే కాసేపు కోలుకుంటుంది, ఎందుకంటే చోక్ గాలిని తగ్గించి లేదా అదనపు పెట్రోలు ఇచ్చి మిశ్రమాన్ని చిక్కబరుస్తుంది. స్పార్క్ లోపమైతే చోక్ వల్ల ఏ మేలూ జరగదు, చాలాసార్లు పరిస్థితి ఇంకా పాడవుతుంది.

ఆగిపోయిన వెంటనే, మళ్ళీ కిక్ కొట్టకుండా, కార్బురేటర్ అడుగున ఉన్న డ్రైన్ స్క్రూ వదులు చేసి చిన్న గిన్నెలోకి పెట్రోలు పట్టండి. ఇంజన్ వేడిగా ఉంటుంది కనుక ఒక్క చుక్క కూడా సైలెన్సర్ మీద పడకుండా గుడ్డ అడ్డం పెట్టుకోవాలి. గిన్నెడు పెట్రోలు వస్తే ఫ్లోట్ గిన్నె నిండుగా ఉన్నట్టే, మీరు స్పార్క్ ఇచ్చే ప్లగ్గు, కాయిల్, పాయింట్ల వైపు చూడాలి. నాలుగు చుక్కలు రాలి ఆగిపోతే పైనుంచి పెట్రోలు రావడం లేదని తేలిపోయింది. ప్లగ్గు విప్పి చూసినప్పుడు పొడిగా, తెల్లబారి ఉంటే అదీ ఈ మాటనే బలపరుస్తుంది. ప్లగ్గు తడిగా పెట్రోలు వాసన కొడుతుంటే కథ వేరు, అక్కడ పెట్రోలు ఎక్కువవుతోంది.

బండి వేగంలో బాగానే పోయి ఐడిలింగులో మాత్రమే ఆగిపోతుంటే ఈ వ్యాసంలోని చాలా పరీక్షలు మీకు అక్కరలేదు. అది సాధారణంగా కార్బురేటర్‌లో ఐడిలింగుకు పెట్రోలు ఇచ్చే పైలట్ జెట్ పూడుకున్న లక్షణం.

సీసాలోకి పట్టి కొలవడం

కార్బురేటర్ దగ్గర పైపు కొస విప్పి, గీతలున్న మందపాటి కొలత పాత్రలోకి పెట్టండి. పాత్ర కార్బురేటర్ ఎత్తుకు దగ్గరలో ఉండాలి. పైపును నేల దాకా దించితే పెట్రోలు దిగే ఎత్తు పెరిగి, లోపం ఉన్నా ధార బాగా కనిపించి మీరు మోసపోతారు. ట్యాంకులో సగమైనా పెట్రోలు ఉంచి, మూత గట్టిగా బిగించి, ట్యాప్ ఆన్‌లో పెట్టి ఫోన్‌లో నిమిషం లెక్క చూసుకోండి.

నా అనుభవంలో ఆరోగ్యంగా ఉన్న 100 సీసీ బండి నిమిషానికి 150 మిల్లీలీటర్లకు తగ్గకుండా, 350 సీసీ బండి 200కు తగ్గకుండా ఇవ్వాలి. ఇంజన్‌కు కావలసింది 20, 30 మిల్లీలీటర్లే అయినప్పుడు ఇంత ఎందుకని అడగవచ్చు. సీసాలోకి పడే పెట్రోలుకు ఎదురు ఏమీ లేదు, బండిలో అయితే అది నీడిల్ దగ్గరి ఇరుకైన రంధ్రం గుండా దూరాలి, గిన్నె నిండే కొద్దీ ఫ్లోట్ ఆ రంధ్రాన్ని ఇంకా మూసివేస్తూ వస్తుంది. బయట సన్నగా కారే ధార లోపల చుక్కలుగా మారుతుంది.

ధార ఎంత వచ్చిందన్నది ఎంత ముఖ్యమో ఎలా వచ్చిందన్నది కూడా అంతే ముఖ్యం. మొదటి నిమిషం నిండుగా వచ్చి, రెండో నిమిషంలో సన్నబడి, మూడో నిమిషంలో చుక్కలైతే లోపం దాదాపుగా మూతలోనిదే. మొదటి నుంచీ ఒకే తీరుగా సన్నగా వస్తే ట్యాప్, జల్లెడ, ఫిల్టరు, పైపుల్లో ఒకటి మూసుకుంది. ఆన్‌లో సన్నగా, రిజర్వ్‌లో నిండుగా వస్తే ఆన్ గొట్టం పూడుకుంది, లేదా ట్యాంకులో పెట్రోలే తక్కువగా ఉంది. అందుకే కనీసం 3 నిమిషాలు పట్టకుండా ఏ నిర్ణయానికీ రావద్దు.

గేర్లు లేని కొన్ని స్కూటర్లలోనూ కొన్ని బైకుల్లోనూ ట్యాప్ ఇంజన్ పీల్చే గాలితో తెరుచుకుంటుంది. ఇంజన్ ఆగి ఉన్నప్పుడు వాటి నుంచి చుక్క రాకపోవడమే సరైన తీరు. అటువంటి ట్యాప్‌ను పరీక్షించాలంటే ఇంజన్ వైపు నుంచి దానికి వచ్చే సన్నని గాలి పైపును విప్పి, దానికి సూది తీసిన సిరంజి తగిలించి పిస్టన్ వెనక్కి లాగి పట్టుకోవాలి. అప్పుడు పెట్రోలు రావాలి, సిరంజి పిస్టన్ తనంతట తాను ముందుకు జారకూడదు, సిరంజిలోకి పెట్రోలు రాకూడదు. పిస్టన్ జారినా, సిరంజిలోకి పెట్రోలు వచ్చినా లోపలి పొర చిరిగినట్టే.

మూతలో గాలి దారి

నూనె డబ్బాకు ఒక మూల ఒక్క చిల్లే పెట్టి వంచితే నూనె గబుక్ గబుక్ మంటూ తెగి తెగి పడుతుంది, దుకాణదారు ఎదురు మూలలో రెండో చిల్లు పెట్టగానే ధార సాఫీగా సాగుతుంది. పెట్రోలు ట్యాంకుకు ఆ రెండో చిల్లు మూతలో ఉంటుంది. బయటికి పోయిన పెట్రోలు స్థానంలోకి అంత గాలి లోపలికి రాకపోతే ట్యాంకులో పీడనం తగ్గి పెట్రోలు దిగడం ఆగిపోతుంది.

ఈ లోపం నాకు నేర్పిన పాఠం ఖరీదైనది. ఒక వానాకాలం తర్వాత నా పాత బండి సరిగ్గా 12, 13 కిలోమీటర్లకొకసారి ఆగడం మొదలుపెట్టింది. ప్లగ్గు మారింది, కాయిల్ మారింది, రెండు ఫిల్టర్లు మారాయి, కార్బురేటర్ రెండుసార్లు విప్పారు. చివరికి ఒక రోజు రోడ్డు పక్కన ఆగినప్పుడు పెట్రోలు ఉందో లేదో చూద్దామని మూత తిప్పగానే లోపలికి గాలి పీల్చుకున్న చప్పుడు స్పష్టంగా వినపడింది, ఆ తర్వాత ఒక్క కిక్కుకే బండి స్టార్టయింది. ఇంటికి వచ్చి మూత విప్పి వెలుతురులో చూస్తే పండుగకు ట్యాంకుకు నేను స్వయంగా పట్టించిన మైనపు పాలిష్, దాని మీద పేరుకున్న దుమ్ము కలిసి తెల్లని ముద్దలా గాలి రంధ్రంలో గట్టిపడి ఉన్నాయి. గుండుసూదితో తీసి, గోరువెచ్చని సబ్బు నీళ్ళతో కడిగితే 5 నిమిషాల పని.

కాబట్టి బండి ఆగిన మరుక్షణం మూత దగ్గర చెవి పెట్టి, మూత తెరుస్తూ వినండి. శబ్దం వస్తే, లేదా మూత వదులుగా ఉంచి నెమ్మదిగా ఒక కిలోమీటరు నడిపినప్పుడు లోపం పోతే, వెతకడం అక్కడితో ఆపి మూతను శుభ్రం చేయండి. కొన్ని మూతల్లో గాలి దారి తిన్నని రంధ్రం కాదు, లోపల రెండు రేకుల మధ్య వంకర దారి ఉంటుంది. అటువంటి దానిని సూదితో పొడవడం కన్నా పంక్చర్ షాపులో గాలి కొట్టించడం మేలు. ట్యాంకు మీద పెట్టుకునే రెగ్జిన్ కవరు, అయస్కాంతం బ్యాగు కూడా ఈ రంధ్రాన్ని మూసివేయగలవు.

ట్యాప్, దాని లోపలి జల్లెడ

మూత బాగున్నా ధార సన్నగా వస్తుంటే, ఫిల్టరు తీసి పక్కన పెట్టి ట్యాప్ నుంచి నేరుగా వచ్చే పైపుతో మళ్ళీ కొలవండి. ఫిల్టరు లేకుండా ధార నిండుగా వస్తే తప్పు ఫిల్టరుది. అప్పుడూ సన్నగానే ఉంటే లోపం పైనే ఉంది, కొత్త ఫిల్టరు కొనకుండా మీ డబ్బు మిగిలింది.

కొన్ని ట్యాపుల కింద చిన్న గిన్నె ఉంటుంది. ట్యాప్ ఆఫ్ చేసి, సరైన స్పానర్‌తో గిన్నె విప్పి, లోపలి జల్లెడను పెట్రోలులో మెత్తని బ్రష్‌తో కడగండి. గిన్నెకూ ట్యాప్‌కూ మధ్య ఉన్న రబ్బరు రింగు ఉబ్బి గాడిలో కూర్చోకపోతే బలవంతంగా బిగించవద్దు, కొత్తది వేయాలి.

ట్యాంకు లోపలి జల్లెడ చూడాలంటే ట్యాంకు ఖాళీ చేసి ట్యాప్ మొత్తం విప్పక తప్పదు. విప్పినప్పుడు ఆన్ గొట్టం విరిగిందా, జల్లెడ చిరిగిందా, జల్లెడ మొదలు చుట్టూ ఎర్రని బురద పేరుకుందా అని చూడండి. తర్వాత ట్యాప్ పిడి మీద ఉన్న రెండు చిన్న స్క్రూలు తీస్తే లోపల రంధ్రాలున్న గుండ్రని రబ్బరు బిళ్ళ కనిపిస్తుంది. ఏళ్ళ తరబడి పెట్రోలులో నాని ఈ బిళ్ళ ఉబ్బితే దాని రంధ్రాలు ఇరుకైపోతాయి, తన చోటు నుంచి కొద్దిగా తిరిగితే రంధ్రాలు సగం మూసుకుంటాయి. జల్లెడ, ఫిల్టరు అన్నీ కొత్తవి వేసినా దారిలోకి రాని బళ్ళలో నేను తరచుగా చూసిన దొంగ ఈ బిళ్ళే. దాని ధర చాలా తక్కువ. తిరిగి బిగించేటప్పుడు ట్యాప్ బోల్టుల కింద ఉన్న ఫైబర్ వాషర్లు కొత్తవి వేయండి.

ఇంకొక చిన్న మాట. పాత బళ్ళ ట్యాంకు ఫ్రేమ్ గొట్టానికి రెండు పక్కలా దిగి ఉంటుంది, ట్యాప్ మాత్రం ఒక పక్కనే ఉంటుంది. పెట్రోలు బాగా తగ్గినప్పుడు ట్యాప్ లేని పక్కన మిగిలింది మధ్యలోని గట్టు దాటి రాలేదు. అటువంటప్పుడు బండిని ట్యాప్ ఉన్న వైపుకు బాగా వంచితే ఆ కాస్తా ఇవతలికి పారి బంకు దాకా తీసుకువెళ్తుంది. దీన్ని ఫిల్టరు లోపమని అపోహపడవద్దు.

ఫిల్టరు చెప్పే సంగతులు

పాత ఫిల్టరును పారేసే ముందు కోసి చూడండి. అందులోని పెట్రోలును తెల్లని గిన్నెలోకి వంచి, ఎండలో పెట్టి పెట్రోలు ఆవిరయ్యాక మిగిలినదాన్ని వేలితో రుద్దండి. ఇటుక పొడిలా ఎర్రగా ఉండి అయస్కాంతానికి అంటుకుంటే ట్యాంకు లోపల తుప్పు పట్టింది. నల్లగా ఉండి వేళ్ళ మధ్య నలిపితే కాటుకలా చార పడితే అది పైపు లోపలి రబ్బరు. బెల్లం పాకంలా జిగటగా, ఘాటైన పాత వాసనతో ఉంటే నెలల తరబడి నిలవ ఉన్న పెట్రోలు ముదిరి గట్టిపడింది. గిన్నె అడుగున విడిగా దొర్లే గుండ్రని బిందువులు కనిపిస్తే నీళ్ళు చేరాయి. ఫిల్టరు మార్చడం వీటిలో దేనికీ మందు కాదు.

కొత్త ఫిల్టరు ఎంచుకోవడంలో కూడా పొరపాట్లు జరుగుతాయి. కారు కోసం చేసిన దట్టమైన కాగితం ఫిల్టరు పంపు ఒత్తిడి ఉంటుందన్న లెక్కతో తయారైనది. పెట్రోలు తన బరువుతో మాత్రమే దిగే బండికి దాన్ని వేస్తే కొత్తదే అడ్డుగోడ అవుతుంది. మీకు కావలసింది లోపల నైలాన్ జల్లెడ ఉన్న చిన్న పారదర్శక ఫిల్టరు. దాని మూతి మీ పైపు లోపలి కొలతకు సరిపోవాలి, సాధారణంగా అది 6 మిల్లీమీటర్లు ఉంటుంది. ఫిల్టరు మీద బాణం గుర్తు ఉంటే అది కార్బురేటర్ వైపు చూపాలి. అది సిలిండర్ రెక్కలకు తగలకుండా, పైనుంచి కిందికి ఏటవాలుగా ఉండాలి. బిగించాక అందులో సగమే పెట్రోలు కనిపిస్తే కంగారు పడవద్దు, బండి బాగా పోతున్నంత కాలం అది లోపం కాదు. ఏడాదికి ఒకసారి మార్చడం మంచిది, ప్లాస్టిక్ పసుపు తిరిగి పెళుసుబారితే ఇంకా ముందే మార్చాలి, ఎందుకంటే పెళుసు ఫిల్టరు మూతి విరిగితే పెట్రోలు నేరుగా వేడి ఇంజన్ మీద కారుతుంది.

ఇప్పటికే ట్యాప్‌లో మంచి జల్లెడ ఉన్న బండికి కంపెనీ వేయని రెండో ఫిల్టరు తగిలించడం నాకు ఇష్టం ఉండదు. తుప్పు పట్టిన ట్యాంకును బాగు చేసే దాకా కాపలాగా పెట్టుకోవచ్చు, అంతే.

పైపు

పైపు బయటికి నిగనిగలాడుతూ లోపల కుళ్ళి ఉండవచ్చు. దాన్ని విప్పి ఆకాశం వైపు పట్టి దుర్భిణిలా చూడండి, గుండ్రని వెలుతురు పూర్తిగా కనిపించాలి. కొసను వంచినప్పుడు సన్నని పగుళ్ళు కనిపించినా, మెత్తబడి జిగటగా తగిలినా మార్చండి. ఇప్పుడు ఇది మరింత అవసరమైంది. 2023 ఫిబ్రవరిలో 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు అమ్మకం మొదలై 2025 నాటికి దేశమంతటా బంకుల్లో మామూలైపోయింది. పాత బళ్ళలోని సాధారణ రబ్బరు ఇథనాల్‌ను దృష్టిలో పెట్టుకుని చేసినది కాదు, అందులో ఉబ్బి, మెత్తబడి, పొరలుగా ఊడుతుంది. ఇథనాల్‌కు తట్టుకునే పైపు కావాలని దుకాణంలో అడిగి తీసుకోండి. ఆసుపత్రి సెలైన్ పైపు, చేపల తొట్టి పైపు వంటివి వేయవద్దు, అవి పెట్రోలుకు కొద్ది వారాల్లోనే బిరుసెక్కి జారిపోతాయి.

పైపు పొడవు అవసరానికి మించి ఉంటే అది మధ్యలో పైకి లేచి వంపు తిరుగుతుంది, ఆ వంపులో గాలి బుడగ నిలిచి పెట్రోలును ఆపుతుంది. రెంటచింతల, రామగుండం వంటి చోట్ల మే నెల ఎండలకు, పైపు సిలిండర్‌కు తగులుతూ ఉంటే, అందులోనే పెట్రోలు ఆవిరై బుడగలు కడుతుంది. వేడి బండిని టీ తాగడానికి 10 నిమిషాలు ఆపి మళ్ళీ స్టార్ట్ చేస్తే మొరాయించడం ఈ లోపానికి గుర్తు. పైపును తగినంత పొడవుకు కోసి, ఇంజన్‌కు దూరంగా నడిపించి, రెండు కొసలకూ క్లిప్పులు వేయండి.

నీడిల్, ఫ్లోట్

పైపు కొస దాకా ధార నిండుగా వచ్చినా ఫ్లోట్ గిన్నె నిండకపోతే కార్బురేటర్ విప్పాలి. కొన్ని కార్బురేటర్లలో పైపు తగిలే బోల్టు కింద మరో చిన్న జల్లెడ దాగి ఉంటుంది, చాలామంది దాన్ని మరిచిపోతారు. ముందు దాన్ని చూడండి. తర్వాత గిన్నె విప్పి, ఫ్లోట్ పిన్ను నెమ్మదిగా తోసి, ఫ్లోట్‌ను, దానితో వచ్చే నీడిల్‌ను బయటికి తీయండి. నీడిల్ కొన మీద చుట్టూ గాడి పడి ఉంటే, రబ్బరు కొన ఉబ్బి ఉంటే మార్చాలి. నీడిల్ కూర్చునే రంధ్రాన్ని దూది పుల్లతో శుభ్రం చేసి, గాలి కొట్టాలి. గాలి కొట్టే ముందు ఫ్లోట్ తప్పకుండా తీసివేయాలి, ఆ ఒత్తిడికి అది చితికిపోతుంది.

జెట్లను ఇనుప తీగతో పొడవవద్దు. జెట్ రంధ్రం కొలత మిల్లీమీటరులో నూరో వంతు తేడాకు కూడా మైలేజీ, ప్లగ్గు రంగు మార్చేంత సున్నితమైనది. రాత్రంతా కార్బురేటర్ క్లీనర్‌లో నానబెట్టి, గాలి కొట్టి, వెలుతురుకు ఎదురుగా పట్టి గుండ్రని చుక్క కనిపించేదాకా అదే పని చేయండి. తప్పనిసరైతే వైరులోని ఒక్క రాగి పోగు, అంతకన్నా గట్టిది వద్దు.

నీడిల్ దగ్గర నలుసు ఎల్లప్పుడూ పెట్రోలును ఆపదు. చాలాసార్లు నీడిల్‌ను మూసుకోనివ్వదు, అప్పుడు పెట్రోలు ఓవర్‌ఫ్లో అయి కింద కారుతుంది. అటువంటి బండిని రాత్రి ట్యాప్ ఆన్‌లో వదిలితే పెట్రోలు ఇంజన్‌లోకి దిగి ఆయిల్‌తో కలుస్తుంది. పొద్దున డిప్‌స్టిక్ మీద ఆయిల్ మట్టం పెరిగి పెట్రోలు వాసన వస్తే ఇంజన్ స్టార్ట్ చేయకండి, ఆయిల్ మార్చిన తర్వాతే నడపండి.

రాజ్‌దూత్, యెజ్డీ వంటి, పెట్రోలులోనే ఆయిల్ కలిపి పోసే టూ స్ట్రోక్ బళ్ళ యజమానులు ఈ విషయంలో మిగతావారికన్నా తొందరపడాలి. ఆ ఇంజన్లకు పెట్రోలు తగ్గితే ఆయిల్ కూడా తగ్గినట్టే. తడబడుతున్న బండిని అలాగే వేగంగా లాగితే పిస్టన్ పట్టేస్తుంది.

ట్యాంకు తుప్పు, నీళ్ళు

ఎర్రని పొడి కనిపించినవారు ఇక్కడి దాకా రాక తప్పదు. కాకినాడ, మచిలీపట్నం వంటి తీర ప్రాంతాల్లో సగం పెట్రోలుతో నెలల తరబడి నిలిపిన బండి ట్యాంకులో పై సగం గోడలు తేమకు తుప్పు పడతాయి. ఆ తుప్పు పొడి కుదుపులకు రాలి ట్యాప్ వైపు చేరుతుంది.

ట్యాంకు విప్పి, ఖాళీ చేసి, ట్యాప్ తీసి ఆ రంధ్రాన్ని గట్టిగా మూయండి. ముందు సబ్బు నీళ్ళతో మూడు నాలుగుసార్లు కడిగి పెట్రోలు వాసన పోగొట్టాలి. తర్వాత మూరెడు పాత సన్న గొలుసును లోపల వేసి, కొస ఒకటి బయట పట్టుకుని, సబ్బు నీళ్ళతో పాటు బాగా ఊపండి. విడి నట్లు వేసేవారు ఎన్ని వేశారో లెక్కపెట్టుకుని అన్నీ బయటికి వచ్చాయో లేదో చూసుకోవాలి. రాలిన తుప్పు కడిగేశాక తెల్ల వెనిగర్ నిండా పోసి ఒక రోజంతా ఉంచండి. దాన్ని పారబోసి, వంటసోడా కలిపిన నీళ్ళతో కడిగి పులుపు విరిచి, మంచి నీళ్ళతో కడిగి, ఆలస్యం చేయకుండా ఎండలో బోర్లించి ఆరబెట్టాలి. తడి ఇనుము మీద కొద్ది గంటల్లోనే మళ్ళీ ఎర్రని పొర కమ్ముతుంది, కాబట్టి ఆరిన వెంటనే కొద్దిగా ఇంజన్ ఆయిల్ పోసి ట్యాంకును అన్ని వైపులా తిప్పి, తర్వాత పెట్రోలు నింపండి. ట్యాంకుకు చిల్లులు పడి ఉంటే వెల్డింగ్ జోలికి మీరు వెళ్ళవద్దు, ఖాళీ ట్యాంకులోని ఆవిరి బాంబులా పేలుతుంది. అది ఆ పని తెలిసినవారికే ఇవ్వాలి.

నీళ్ళ సంగతి వేరు. ఇథనాల్ కలిసిన పెట్రోలు కొంత నీటిని తనలో కలుపుకుంటుంది. ఆ హద్దు దాటగానే నీరు, ఇథనాల్ కలిసి పెట్రోలు నుంచి విడిపోయి అడుగుకు, అంటే సరిగ్గా ట్యాప్ నోటి దగ్గరికి చేరతాయి. ఈ బండి రిజర్వ్‌లో పెట్టగానే మొరాయిస్తుంది. అడుగు పెట్రోలును గాజు సీసాలోకి పట్టి అరగంట కదపకుండా ఉంచితే రెండు పొరలు స్పష్టంగా కనిపిస్తాయి. కనిపిస్తే ట్యాంకు మొత్తం ఖాళీ చేయడమే దారి. బంకు మీద అనుమానం ఉంటే ఫిల్టర్ పేపర్ పరీక్ష అడిగే హక్కు మీకుంది. నాజిల్ నుంచి ఒక చుక్క కాగితం మీద వేస్తే రెండు నిమిషాల్లో మరక లేకుండా ఆవిరవ్వాలి. ఈ పరీక్ష ప్రధానంగా కల్తీ కోసం, నీటికి సీసా పరీక్షే నమ్మదగినది.

తిరిగి బిగించాక

అన్నీ బిగించి, ట్యాప్ ఆన్ చేసి, ఇంజన్ స్టార్ట్ చేయకుండా 10 నిమిషాలు ఆగి ప్రతి అతుకు కింద పొడి టిష్యూ కాగితం ఆనించి చూడండి, చెమ్మ అంటుకుంటే ఆ క్లిప్పునో వాషరునో సరిచేయండి. మళ్ళీ సీసా కొలత తీసుకుని ఆ అంకెను, తేదీని బండి కాగితాల పక్కన రాసి ఉంచండి, వచ్చే ఏడాది పోల్చుకోవడానికి అదే మీ కొలబద్ద అవుతుంది. తర్వాత ఇంటికి దగ్గరలోనే ఉన్న తిన్నని రోడ్డు మీద, మూత పూర్తిగా బిగించి, 5 కిలోమీటర్లు ఒకే వేగంతో నడపండి. తుప్పు కడిగిన ట్యాంకు అయితే మొదటి 100 కిలోమీటర్ల తర్వాత ఫిల్టరును ఒకసారి వెలుతురులో చూడండి. అందులో ఎర్రని పొడి కొద్దిగా కనిపించడం మామూలే, ఆ ఫిల్టరు మార్చి ఇంకో 500 కిలోమీటర్లు చూడండి. అప్పటికీ అదే పొడి వస్తుంటే ట్యాంకును మరోసారి విప్పి, వెనిగర్ ఈసారి రెండు రోజులు ఉంచండి.